తప్పుగా రాసిన ఐదు ఆదివారాలు

ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన పని ఎదుటివాళ్లు చెప్పేది వినడం. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో సోషల్ వర్కర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. అంతమంది మాటలు విన్నదాన్ని, రిటైరయ్యాక చేసిన చివరి ఉద్యోగంలో, తప్పకుండా వినవలసిన ఒక మనిషి మాట వినలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు నేను బాగా చేసిన కేసుల గురించి చెప్పమంటే చెప్పగలను. వాటివల్ల మీకు పెద్దగా ఒరిగేది ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

కరోనా కాస్త సద్దుమణిగిన రోజులవి. యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్ర విభాగానికి ఒక విదేశీ ఫౌండేషన్ నుంచి గ్రాంటు వచ్చింది. అంబులెన్స్ సిబ్బంది, ఫైర్ స్టేషన్ల వాళ్లు, హెల్ప్‌లైన్లలో ఫోన్లు తీసే కౌన్సెలర్లు, ఇలా రోజంతా ఇతరుల కష్టాల మధ్య ఉండేవాళ్లు తాము కుంగిపోకుండా ఎలా నిలబడాలో నేర్పే శిక్షణ అది. ముప్పై మంది ఒక బ్యాచి. మూడు రోజుల తరగతులు, ఆ తర్వాత ఎనిమిది వారాలు ఫోన్లో పలకరింపు. ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్ గారికి నేను ఆసుపత్రి రోజుల నుంచి తెలుసు.

"మేడం, పుస్తకాలు చదివిన పిల్లలు నా దగ్గర చాలామంది ఉన్నారు. వార్డు చూసిన మనిషి ఒకరు కావాలి" అని ఫోన్ చేశారు.

ఆలోచించుకుంటానని కూడా అనకుండా ఒప్పుకున్నాను.

అంత తొందరగా ఒప్పుకోవడానికి కారణం ఉంది. ఆ ఏడాదే మా అమ్మ పోయింది. నేను పెళ్లి చేసుకోలేదు. నాన్న రైల్వే ఉద్యోగం మీద తెనాలి నుంచి లాలాగూడకు వచ్చి, తర్వాత తార్నాకలో ఒక చిన్న ఫ్లాటు తీసుకున్నారు. ఆయన పోయాక అందులో అమ్మా నేనూ ఉన్నాం. ఇప్పుడు నేనే ఉన్నాను. ఎదురుగా మెట్రో పోతుంటుంది, కింద బస్సులు ఆగుతుంటాయి, కూడలిలో రోజంతా జనం. అయినా శనివారం సాయంత్రం తలుపు వేసుకున్నానంటే సోమవారం ఉదయం దాకా నాతో మాట్లాడేవాళ్లు ఉండేవారు కాదు. సోమవారం తరగతిలో మొదటి మాట పలకబోతే గొంతు జీరబోయేది. జలుబు అనుకునేదాన్ని. రెండు రోజులు వాడకపోతే గొంతు కూడా మొరాయిస్తుందని తెలియడానికి కొన్ని నెలలు పట్టింది.

తార్నాక గేటు నుంచి మా తరగతి జరిగే రాతి భవనం దాకా నడిచే వెళ్లేదాన్ని. దారి పొడుగునా చెట్ల కింద పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, ఒకరికొకరు పైకి అప్పజెప్పుకుంటూ. వాళ్లను దాటుకుంటూ వెళ్లడం నాకు ఇష్టంగా ఉండేది. నాతో కాకపోయినా అక్కడ మాటలు వినిపించేవి.

మొదటి బ్యాచి రోజు గోడకు కట్టిన బ్యానర్ మీద 'స్థితిస్థాపకత శిక్షణ' అని రాయించారు ప్రొఫెసర్ గారు. రెసిలియెన్స్ అనే మాటకు నిఘంటువులో అలా ఉందట. ముందు వరుసలో కూర్చున్న ఒక ఫైర్‌మన్ చాలాసేపు దానివంకే చూసి చెయ్యెత్తాడు.

"మేడం, గా పదం ఏంది?"

"కింద పడ్డా మళ్లీ లేవగలగడం" అన్నాను.

"మేం పడం మేడం. పడ్డోళ్లను లేపుతం" అన్నాడతను.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. మధ్యాహ్నం దాకా అతని మాట నా తలలో తిరుగుతూనే ఉంది. అక్కడున్న అందరి జబ్బూ అదే. అందరిలో నన్ను నేను లెక్కేసుకోలేదు.

నేను చెప్పాలనుకున్నది మూడో బ్యాచిలో జరిగింది. మా శిక్షణలో ముఖ్యమైన భాగం జోడీలు కట్టడం. ఒకే రకం పని చేసే ఇద్దరిని కలిపి, వారానికి ఒకసారి ఒకరికొకరు ఫోన్ చేసుకుని, ఆ వారం పనిలో మనసుకు బరువైనదేదో చెప్పుకోమనేవాళ్లం. మాట్లాడాక ఎవరికి వారు తమ జోడీలో రెండోవాళ్లు ఎలా ఉన్నారో మా ఆఫీసుకు ఒక్క ముక్క చెప్పాలి. దాన్ని మేం రిజిస్టరులో ఎక్కించుకుంటాం. అంతే పని. చూడటానికి చాలా తేలిక.

ఆ బ్యాచిలో ఒకరు రాకపోవడంతో ఇరవై తొమ్మిది మందే ఉన్నారు. జోడీలు కట్టాక వెనక బెంచీలో ఒక అంబులెన్స్ టెక్నీషియన్ మిగిలిపోయింది. ముప్పై ఏళ్లుంటాయి. జనగామ దగ్గర పల్లె. బౌద్ధనగర్‌లో ఇద్దరు నర్సులతో కలిసి గదిలో ఉంటోంది. మూడు రోజుల్లో ఆమె తనంతట తానుగా ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. కానీ ఎవరి వాటర్ బాటిల్ అయిపోయినా లేచి నింపుకొచ్చేది.

"నాకు జోడీ లేకున్నా నడుస్తది మేడం. నేను మంచిగనే ఉన్న" అంది.

నా పక్కనే ఉన్న జూనియర్ ట్రైనర్ నెమ్మదిగా, "ముగ్గురితో ఒక జట్టు చేద్దాం మేడం. మాన్యువల్‌లో అలాగే ఉంది" అన్నాడు.

అది సరైన మాట. నేర్పేవాళ్లు నేర్చుకునేవాళ్లకు జోడీ కాకూడదు. ఆ నియమం మాన్యువల్‌లో రాసి లేకపోయినా, ఎప్పటి నుంచో నాకు తెలుసు. ఎందరో ట్రైనీలకు నేనే చెప్పాను. అయినా ఆ మధ్యాహ్నం, "వద్దులే, ఆమెకు నేనే జోడీ" అన్నాను. అప్పుడు ఎవరైనా ఎందుకని అడిగితే టైము లేదు కదా అని చెప్పి ఉండేదాన్ని. ఎవరూ అడగలేదు.

"ఏ రోజు వీలవుతుందమ్మా నీకు?" అన్నాను.

"ఐతారం మేడం. డ్యూటీ దిగి ఆరు గంటలకు చేస్త."

నేను కోరుకున్నది కూడా ఆదివారమే.

మొదటి ఆదివారం సరిగ్గా ఆరింటికి ఫోన్ వచ్చింది. ఆ వారం తను చూసిన కేసులు చెప్పింది. మెట్టుగూడ దగ్గర బైకు మీద నుంచి పడినతను తన చెప్పు ఒకటి పోయిందని అంబులెన్సులో గోల చేశాడట. తల పగిలిందిరా అంటే చెప్పు కొత్తది అన్నాడట. ఆమె చెప్పే తీరుకు నేను పైకే నవ్వాను. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

రెండో ఆదివారం మాటల మధ్యలో, "మీరు తిన్నరా మేడం? ఇంట్ల ఎవరెవరు ఉంటరు?" అని అడిగింది.

"ఎవరూ లేరమ్మా. నేనొక్కదాన్నే."

"మరి ఏం వండుకుంటరు ఒక్కరికి?" అంది.

మామూలు ప్రశ్న. కానీ ఆ ఏడాదిలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. ఒక్క మనిషికి పప్పు వండటం ఎంత కష్టమో, ఎంత తక్కువ వేసినా రెండు పూటలకు ఎలా మిగులుతుందో చెప్పడం మొదలుపెట్టాను. అమ్మకు చింతచిగురు పప్పు ఇష్టమని చెప్పాను. అమ్మ మంచం ఇంకా తీయలేదని చెప్పాను. గడియారం చూసుకునేసరికి నలభై నిమిషాలు గడిచాయి.

మూడో ఆదివారానికి ఒక అలవాటు మొదలైంది. వారం మధ్యలో ఏం జరిగినా 'ఇది ఆమెకు చెప్పాలి' అనుకునేదాన్ని. కూరగాయల బండివాడితో పేచీ, మెట్రోలో ఎవరో సీటు ఇవ్వడం, అన్నీ మనసులో దాచుకునేదాన్ని. ఐదున్నరకే కాఫీ తాగేసి, ఫోను పక్కన పెట్టుకుని బాల్కనీలో కూర్చునేదాన్ని. మీకు ఎప్పుడైనా ఒక క్లయింటు గురించి ఇలా జరిగితే, మీరు చెప్పాలనుకునేవి ఆమె చెప్పేవాటికంటే ఎక్కువైతే, ఆ రోజే మీ పైవాళ్ల దగ్గరికి వెళ్లండి. నాకు ఇది తెలియదని కాదు. నేను నా విషయంలో దాన్ని ఉపయోగించలేదు.

నాలుగో ఆదివారం ఆమె గొంతు మందంగా ఉంది.

"మేడం, నిన్న ఒక కేసు వచ్చిండె" అంది.

"చెప్పమ్మా" అన్నాను.

ఆమె ఆగింది. వెనక ఎక్కడో ప్రెషర్ కుక్కర్ విజిల్ వినిపించింది. తర్వాత, "ఏం లేదు మేడం. రోజు ఉండేదే. మీ మోటరు బాగైందా?" అంది.

అంతకు ముందు వారం మా అపార్ట్‌మెంట్ నీళ్ల మోటారు కాలిపోయిన సంగతీ, దాని గురించి అసోసియేషన్ సెక్రటరీ నాతో గట్టిగా మాట్లాడిన సంగతీ ఆమెకు చెప్పి ఉన్నాను. ఇంకా బాగవలేదని చెప్పాను. సెక్రటరీ ఈసారి ఏమన్నాడో చెప్పాను. ఒంటరి ఆడది కదా అని అందరికీ లోకువ అన్నాను. అరగంట పైనే మాట్లాడాను. ఆమె మధ్యమధ్యలో "అవునా మేడం", "గట్లెట్ల అంటడు" అంటూ వింది. చివర్లో, "మీరు మనసుల పెట్టుకోకున్రి. జర పండుకోన్రి" అని ఫోన్ పెట్టేసింది.

ఆసుపత్రిలో ట్రైనీలకు నేను మొదటి రోజే చెప్పేదాన్ని. మనిషి 'ఏం లేదు' అన్నాక మీరు మాట్లాడకండి, ఊరుకోండి, అసలు మాట దాని వెనకే ఉంటుంది అని. ఆ ఆదివారం నేను ఊరుకోలేదు. ఫోన్ పెట్టాక తేలికపడ్డ మనసుతో అన్నం తిని, మర్నాడు ఆఫీసుకు వెళ్లి రిజిస్టరులో రాశాను: 'బాగుంది. మాట తక్కువ. ఇతరుల పట్ల శ్రద్ధ ఎక్కువ.'

ఆ తర్వాతి నాలుగు ఆదివారాలూ దాదాపు అలాగే గడిచాయి. ఎనిమిదో వారం అయ్యాక నియమం ప్రకారం ఫోన్లు ఆగిపోవాలి.

"ఇకపై కూడా చేస్తుండమ్మా, కావాలంటే" అన్నాను.

"అట్లనే మేడం" అంది. ఎవరికి కావాలంటే అన్నది ఇద్దరం మాట్లాడుకోలేదు.

మరుసటి వారం ఫౌండేషన్ తరఫున ఢిల్లీ నుంచి ఇద్దరు వచ్చారు. రెండో విడత గ్రాంటు వాళ్ల నివేదిక మీద ఆధారపడి ఉంది. శిక్షణ వల్ల మేలు జరిగిన ఒక మనిషి చేత మాట్లాడించాలని ప్రొఫెసర్ గారు అడిగితే, నేనే ఆమె పేరు చెప్పాను. ఎనిమిది వారాలూ ఒక్క ఫోను కూడా తప్పని జోడీ మాదే మరి.

ఆమె డ్యూటీ మధ్యలో యూనిఫాంలోనే వచ్చింది. అంబులెన్స్ బయట చెట్టు కింద ఆగి ఉంది. నడిపే పైలట్ మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఢిల్లీ నుంచి వచ్చినావిడ చక్కని మనిషి. నవ్వుతూ ఇంగ్లీషులో అడిగింది, ప్రొఫెసర్ గారు తెలుగులో చెప్పారు.

"ఈ వారం వారం ఫోన్లు మీకు ఎలా ఉపయోగపడ్డాయమ్మా?"

ఆమె లేచి నిలబడింది. నా వైపు చూసి, మళ్లీ ప్రొఫెసర్ గారి వైపు చూసింది.

"మేడం ఒక్కరే ఉంటరు సార్. వాళ్లమ్మ పోయినంక ఇంట్ల మాట్లాడేటోళ్లు లేరు. ఐతారం ఐతారం నేను ఫోన్ చేసిన. మొదట్ల మస్తు బాధపడుతుండె. ఇప్పుడు మంచిగున్నరు. నవ్వుతున్నరు గూడ."

అంతే చెప్పి కూర్చుంది. వెక్కిరింపు లేదు, ఫిర్యాదు లేదు. తనకు అప్పజెప్పిన పని ఎంతవరకు వచ్చిందో చెప్పినట్టు చెప్పింది. జోడీ అంటే ఆమెకు అలాగే అర్థమైంది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ కష్టంలో ఉంటే రెండోవాళ్లు చూసుకోవాలి. ఆమెకు నేను కనిపించాను.

ప్రొఫెసర్ గారు ఒక్క క్షణం తడబడి, ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు. నేర్పినవారికి నేర్చుకున్నవారు తోడు నిలిచారు అన్నట్టుగా ఏదో చెప్పారు. ఢిల్లీ ఆవిడ కళ్లు చెమర్చాయి. ఆవిడ ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది. హాల్లో చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. చేతులు ఊరికే ఉంచితే ఎలా ఉంటుందో తెలియక కొట్టాను.

సభ అయ్యాక ఆమె వెంట మెట్ల దాకా వెళ్లాను. ఏదో ఒకటి అనాలి కదా అని, "బాగా చెప్పావమ్మా" అన్నాను. ఆమె తల దించుకుంది. మెట్ల దగ్గరున్న పైలట్ నా వైపు చూశాడు. నలభై దాటిన మనిషి.

"మేడం, మీరేనా ఈమెకు ఫోన్ల మాట్లాడే డాక్టరమ్మ?" అన్నాడు.

"డాక్టర్ని కాను. అవును, నేనే."

"అయితే జర చూడున్రి మేడం. నెల దాటింది. డెలివరీ కేసు అంటే చాలు చేతులు వణుకుతున్నయి ఆమెకు. మొన్న సెలైన్ గూడ నేనే పట్టుకున్న. డ్యూటీ మార్చమని, లేకుంటె సెలవన్న ఇయ్యమని అర్జీ పెట్టుకున్నది. పైనోళ్లు ఇస్తలేరు."

"అన్నా, ఇప్పుడెందుకు ఆ ముచ్చట" అంది ఆమె, చెయ్యి వెనక్కి పెట్టుకుంటూ.

"ఏం జరిగింది?" అన్నాను.

"ఒకామె బండిలనే పోయింది మేడం. కాన్పుకు తీసుకపోతుంటే. పిల్ల బతికింది" అన్నాడు పైలట్. ఏ రోజో కూడా చెప్పాడు. అది ఒక శనివారం. మర్నాడు సాయంత్రం ఆరింటికి ఆమె నాకు ఫోన్ చేసి, 'నిన్న ఒక కేసు వచ్చిండె' అంది. నేను మోటారు గురించి మాట్లాడాను.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. ఆ ప్రశ్న వేసే హక్కు నాకు లేదని అడుగుతుండగానే తెలుస్తోంది.

"మీరు పరేషాన్ అయితరని మేడం. ఆ దినం మీరే బాధల ఉంటిరి."

వాళ్ల వైర్‌లెస్‌లో ఏదో కాల్ వచ్చింది. ఇద్దరూ బండెక్కి వెళ్లిపోయారు. అది డెలివరీ కేసు కాకుండా ఉంటే చాలనుకుంటూ అక్కడే నిలబడ్డాను.

అతిథులు వెళ్లిపోయాక ఆఫీసు గదిలో రిజిస్టరు తీశాను. నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా నా చేతిరాత. 'బాగుంది.' 'బాగుంది, స్థిరంగా ఉంది.' 'చాలా మంచి శ్రోత.' ఒక వారం 'ఉల్లాసంగా మాట్లాడింది' అని కూడా రాశాను. ఉల్లాసంగా మాట్లాడింది ఎవరో ఇప్పుడు నాకు తెలుసు.

మర్నాడు ఆమె సూపర్వైజర్‌కు ఫోన్ చేశాను. కఠినుడేమీ కాదు, తన పని తాను చేస్తున్నవాడు.

"మేడం, అర్జీ వచ్చింది నిజమే. నేను మీ ఆఫీసుకే ఫోన్ చేసి అడిగిన. మీ రికార్డుల మంచిగున్నదని ఉన్నది. ట్రెయినింగ్ సర్టిఫికెట్ గూడ ఉన్నది. ఇప్పుడు మీరే బాగలేదంటున్నరు. నేను పైకి ఏమని రాయాలె?"

తీరా చూస్తే ఆమెకు సెలవు రాకుండా అడ్డుపడింది రిజిస్టరులో నేను రాసిన మాటలే. నేను చేయవలసింది స్పష్టంగానే ఉంది. ఆ ఐదు వారాల నమోదులు తప్పు అని సంతకం పెట్టి ఇవ్వాలి. ఎందుకు తప్పో కూడా రాయాలి. కారణం లేకుండా ఎవరూ నమ్మరు.

ఉత్తరం రాసుకుని ప్రొఫెసర్ గారి గదికి వెళ్లాను. ఆయన రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"మేడం, నిన్న వాళ్లకు అన్నింటికంటే నచ్చింది ఇదే. నివేదికలో మొదటి పేజీలో పెడతామన్నారు. మీరేమో ఇది మన తప్పు అంటున్నారు."

"మనది కాదు సార్, నాది."

"రిజిస్టరులో ఒక ట్రైనర్ రాసింది తప్పయితే మిగతావన్నీ ఎలా నమ్మాలి అని అడుగుతారు. రెండో విడత పోవచ్చు. ఇరవై మంది పిల్లల ఉద్యోగాలు దీనిమీద ఉన్నాయి. ఆమెకు సెలవు కావాలంటే నేను వాళ్ల ఆఫీసర్‌తో మామూలుగా మాట్లాడతాను. ఈ కాగితం ఎందుకు?"

"మాట్లాడండి సార్. వాళ్లు మళ్లీ రికార్డు చూస్తారు. రికార్డులో ఆమె బాగుందని ఉంటుంది. రేపు ఆమె చేతిలో ఇంకెవరికైనా ఏదైనా అయితే, అప్పుడూ అలాగే ఉంటుంది."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని ఉత్తరం ఇంకోసారి చదివారు. బయట ఎవరో కుర్రాళ్లు రాజ్యాంగ అధికరణాలు వరసగా అప్పజెప్పుతున్నారు. చివరికి పెన్ను తీసి, ఉత్తరం అడుగున 'పంపవచ్చు' అని రాసి సంతకం పెట్టారు. కాగితం నా చేతికిస్తూ అన్నారు.

"మీరు ఇంత ఒంటరిగా ఉన్నారని నాకు తెలియదు మేడం."

"నాకూ తెలియదు సార్" అన్నాను.

ఉత్తరం వెళ్లింది. ఆమెను బండి మీది నుంచి తీసి విశ్రాంతి ఇచ్చారు. మా పాత ఆసుపత్రిలో నాకంటే చాలా చిన్నదైన ఒక సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. నేను వెంట వెళ్లలేదు. వెళ్లాలనిపించింది, వెళ్లలేదు. ఆదివారాలు ఫోన్ చేయవద్దని కూడా ఆమెకు చెప్పాను. కోపమా మేడం అని అడిగింది. కాదు, చికిత్స అయ్యేదాకా ఒకరితోనే చెప్పుకోవాలి అన్నాను. అది నిజమే, సగం.

గ్రాంటు పోలేదు. ప్రొఫెసర్ గారు నా ఉత్తరాన్ని దాచకుండా నివేదికకు జత చేశారని, ఫౌండేషన్ వాళ్లు కొన్ని ప్రశ్నలు అడిగి, మాన్యువల్‌లో రెండు పేజీలు మార్పించారని తర్వాత తెలిసింది. ఇప్పుడు ట్రైనర్లు ఎవరికీ జోడీగా ఉండకూడదు. ట్రైనర్లు కూడా తమ గురించి చెప్పుకోవడానికి నెలకొకసారి బయటి మనిషి దగ్గరికి వెళ్లాలి. మీలో ఆ ప్రాజెక్టులో పనిచేస్తున్నవాళ్లు ఆ నియమాన్ని విసుక్కుంటున్నారని విన్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. రెండో విడతలో నన్ను పిలవలేదు. పిలవకపోవడం సబబే. కానీ ఒప్పందం అయిపోయిన రోజు ఆ చెట్ల కింది పిల్లల మధ్య నుంచి తార్నాక గేటు దాకా నడవడానికి చాలా సేపు పట్టింది.

కొన్ని నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. అంతకు ముందెప్పుడూ రాలేదు. జనగామలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో ఉద్యోగం దొరికిందట, మర్నాడు వెళుతోంది. కొంచెం ఒళ్లు చేసింది. కుర్చీ చూపిస్తే కూర్చుని, నేను నీళ్లు తేబోతే తనే వెళ్లి ఇద్దరికీ తెచ్చింది.

ఈసారి నా గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదని గట్టిగా అనుకున్నాను. ఆమె కాసేపు కింది బస్సుల చప్పుడు వింటూ ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను.

"ఆ కేసు ముచ్చట మీకు చెప్పలే గదా మేడం" అంది.

"చెప్పలేదు."

చెప్పింది. వారాసిగూడ సందులో ఇల్లు, పందొమ్మిదేళ్ల పిల్ల, మొదటి కాన్పు. సందులోకి బండి పోలేదు, స్ట్రెచర్ మీద మోసుకొచ్చారు. సిగ్నల్ దగ్గర బిడ్డ పుట్టింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు.

"ఒక చేత్తోని పిల్లను పట్టుకున్న. రెండో చెయ్యి ఆమె పట్టుకున్నది. అక్కా విడువకు అన్నది. నేను విడువలే మేడం. ఆమె ఎప్పుడు విడిచిందో నాకు తెల్వలే. పిల్లను చూస్తున్న గదా."

ఆమె ఏడవలేదు. మళ్లీ మొదటి నుంచి ఇంకోసారి చెప్పింది, ఈసారి సందు పేరుతో, ఇంటి గుమ్మానికి కట్టిన తెర రంగుతో. నేను విన్నాను. నాలుగు దాటింది, ఐదు దాటింది. నాకు తెలిసిన పనిని ఆ మధ్యాహ్నం మళ్లీ చేశాను. మధ్యలో ఒకసారి మా అమ్మ ప్రాణం పోయిన క్షణం గుర్తొచ్చింది, నోటిదాకా వచ్చింది. దాన్ని నాలోనే ఉంచుకున్నాను.

లేచి చెప్పులు వేసుకుంటూ అడిగింది.

"మరి మీరు మేడం? ఇప్పుడు ఎవరితోని మాట్లాడుతున్నరు?"

"నేను కూడా ఒకరి దగ్గరికి వెళుతున్నానమ్మా. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే" అన్నాను.

అది అబద్ధం. ఆమె నా ముఖంలోకి చూసింది. పేషెంటు చెప్పేదీ నాడి చెప్పేదీ ఒకటేనా అని చూసే చూపు అది. తర్వాత తల ఊపి, "తప్పక పోన్రి మేడం" అని మెట్లు దిగింది. వెళుతున్నారా అని కాకుండా పొమ్మని చెప్పింది. బాల్కనీలోకి వెళ్లి చూశాను. రోడ్డు దాటి, వెనక్కి తిరగకుండా బస్టాపులో జనంలో కలిసిపోయింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు.

మర్నాడు ఉదయం అడిక్‌మెట్ వెళ్లాను. అక్కడ ఒక జిరాక్స్ షాపు పైన, నాకు తెలిసినవాళ్లెవరికీ పరిచయం లేని ఒక యువ కౌన్సెలర్ కూర్చుంటుందని విన్నాను. నా శిష్యుల్లో ఎవరి దగ్గరికైనా వెళ్లవచ్చు, కానీ వాళ్లు మేడం అంటూ లేచి నిలబడతారు. ఈ అమ్మాయికి నేనెవరో తెలియదు. కుర్చీలో కూర్చోబెట్టి, అట్ట మీద పెట్టిన ఒక ఫారం, పెన్ను ఇచ్చింది. అలాంటి ఫారాలు నేను వేలకొద్దీ నింపించాను, నా కోసం నింపడం అదే మొదటిసారి. పేరు, వయసు, ఇంట్లో ఉండేవారు. 'ఒక్కరు' అని రాశాను. కింద ఇంకో ప్రశ్న ఉంది: మిమ్మల్ని ఇక్కడికి పంపింది ఎవరు?

'ఒక అంబులెన్స్ టెక్నీషియన్' అని రాశాను.

దాని పక్కనే ఇంకో గడి. వారు మీకు ఏమవుతారు? పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఆ అమ్మాయి తొందర పెట్టలేదు. చివరికి ఆ గడి ఖాళీగానే వదిలి, ఫారం ఇచ్చేశాను.